నాలుగో మలుపు దాటాక తొమ్మిది నిమిషాలు

మా మామయ్యను క్వారీ రోడ్డు మీద అందరూ రూల్సన్న అనేవాళ్లు. మొదట వెక్కిరింపుకే పెట్టారు. ముందూ వెనకా పురుగు కూడా లేని రోడ్డు మీద ఇండికేటర్ వేసే మనిషిని ఇంకేమంటారు? రానురానూ అదే పేరుతో గౌరవంగా పిలవడం మొదలైంది. ఆయన మా అమ్మకు అన్న. ముప్ఫై ఒక్క ఏళ్లు లారీ నడిపాడు. నేను కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. ఆయన మాత్రం, "లారీ నేర్చుకుంటావా? నేర్చుకో. లైసెన్సు మాత్రం పరీక్ష పాసై తెచ్చుకో" అన్నాడు. అలా నేనూ ఆ రోడ్డెక్కాను.

రోడ్డు గురించి ముందు చెప్పాలి. కొండ పైన క్వారీ, కింద కంకర మిషను. మధ్యలో పద్నాలుగు మలుపులు, లెక్క కింద నుంచి. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ, మధ్యలో ఒక్క లారీ పట్టేంత దారి. ప్రతి మలుపు ముందూ రాతిని తొలిచి కాస్త ఖాళీ చేశారు. దాన్ని మేం జేబు అంటాం. పైనుంచి లోడుతో దిగేవాడికి దారి ఇవ్వాలి, కింద నుంచి ఖాళీగా ఎక్కేవాడు జేబులో దూరాలి. అది చెప్పడం తేలికే. మలుపు అవతల ఎవడున్నాడో తెలిస్తే కదా! ఫోను సిగ్నలు లేదు. హారన్ కొడితే రాళ్లకు తగిలి ఎటు నుంచి వచ్చిందో తెలిసేది కాదు. రెండు లారీలు ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడితే, ఖాళీవాడు లోయ అంచున అరకిలోమీటరు వెనక్కి పోవాలి. ఒకడు అలా పోతూ పోతూ కిందికే పోయాడు. అప్పుడు మామయ్య వాకీటాకీలు కొందామన్నాడు.

ఇక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. మామయ్యా ఆయనా కుర్రతనంలో ఒకే లారీకి క్లీనర్లు. ఆయనకు నత్తి. మామూలు నత్తి కాదు, మొదటి అక్షరం దగ్గరే మెడ నరాలు బిగుసుకుపోయేవి. అందుకని డ్రైవర్లు ఆయనకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. మా వాళ్ల జాలి అలాగే ఉంటుంది. ఆయన చిన్నపాటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క, చిన్న నోటు పుస్తకం. మాట రాకపోతే రాసి చూపించేవాడు. మామయ్యతో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం గడగడా మాట్లాడతాడని మా అత్తయ్య చెప్పేది. మాకు నమ్మకం కలగలేదు.

వాకీటాకీ సెట్లు కొనడానికి మామయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. షాపువాడు కౌంటరు మీద నల్లటి సెట్టొకటి పెట్టాడు.

"ఇది చూడన్నా. ఎనిమిది వాట్లు. కొండేంటి, పక్క ఊరికి కూడా వినపడుతుంది. ఏ ఛానల్ కావాలంటే ఆ ఛానల్ తిప్పుకోవచ్చు."

"ఆ ఛానళ్లన్నీ ఖాళీగా ఉన్నాయా?"

"లేకపోతే మాత్రం నిన్నెవడు పట్టుకుంటాడు?"

"పట్టుకునే సంగతి కాదయ్యా. అందులో అంబులెన్సువాళ్లు మాట్లాడుకుంటుంటేనో?"

"లారీ నడుపుకునేవాడికి ఇన్ని అనుమానాలేంటన్నా?"

"లారీ నడుపుతా కాబట్టే. ఎదురుగా ఎవడున్నాడో చూడకుండా దూరను."

లైసెన్సు అక్కర్లేని చిన్న సెట్లు రెండు అద్దెకు తీసుకుని కొండ మీద చూశాం. రెండో మలుపు దాటేసరికి రాయి మాటను మింగేసింది. అయితే లైసెన్సుకే పెడదామన్నాడు. నాలుగు నెలలు రేడియో ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఒక పూట డ్యూటీ, ఒక పూట ఆఫీసు. అక్కడ పెద్ద కళ్లద్దాల మేడమ్ ఒకావిడ ఉండేది. ఎన్ని సెట్లు, ఎంత పవరు, ఏ కొండ, ఎవరెవరు వాడతారు అని అడిగింది. అన్నిటికీ ఒక్కో కాగితం. చివర్లో "బాధ్యత వహించు వ్యక్తి" అని ఒక గడి. మామయ్య తన పేరు అక్షరం అక్షరం విడదీసి రాశాడు. బయటికొచ్చాక నాతో, "పెళ్లి రిజిస్టరులో కూడా ఇంత జాగ్రత్తగా రాయలేదురా" అన్నాడు.

మాకంటూ ఒక్క ఛానల్ ఇచ్చారు. అప్పుడు కొన్నాడు పద్దెనిమిది సెట్లు. బండికి బిగించేవి వద్దన్నాడు. ఇవాళ నడిపే లారీ రేపు ఇంకొకడిది, సెట్టు మనిషితో పోవాలన్నాడు. చేతికి మందపాటి గ్లౌజు తొడుక్కుని ఒక్కో రకం బటన్ నొక్కి చూసి, కళ్లు మూసుకుని కూడా దొరికేంత పెద్ద బటన్ ఉన్నది ఎంచాడు. కాగితం మీద రూల్సు రాసి ప్రతి క్యాబిన్‌లోనూ అంటించాడు. బటన్ నొక్కి, ఒక్క ఊపిరి ఆగి మాట్లాడాలి. మలుపు నంబరు చెప్పాలి, లోడో ఖాళీయో చెప్పాలి, అంతే. పాటలు వద్దు, జోకులు వద్దు. అన్నిటికన్నా కింద ఎర్ర ఇంకుతో, "పిలవకుండా మలుపు ఎక్కవద్దు" అని.

మొదటి రోజే గొడవ వచ్చింది. సెట్టులో ఒక టైమరు ఉంది. ఇరవై సెకన్లకు మించి బటన్ నొక్కి ఉంచితే కుయ్‌మని అరిచి మాట కోసేస్తుంది. ఎక్స్‌ప్రెస్ తొమ్మిదో మలుపు దగ్గర బటన్ నొక్కాడు. "తొ... తొ..." కుయ్. మళ్లీ నొక్కాడు. "తొ..." కుయ్. మూడోసారి కూడా అంతే. ఎవడో ఛానల్లోకొచ్చి, "ఒరే, ఎక్స్‌ప్రెస్ స్టేషన్‌లోనే ఆగిపోయిందిరా!" అన్నాడు. ఒక్కొక్కడూ బటన్ నొక్కి మరీ నవ్వాడు. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎక్స్‌ప్రెస్ సెట్టును తీసి డాష్‌బోర్డు పెట్టెలో పడేసి, ఆ పూటంతా హారన్ కొట్టుకుంటూ తిరిగాడు.

మామయ్య మర్నాడే పద్దెనిమిది సెట్లూ సంచిలో వేసుకుని షాపుకు వెళ్లాడు.

"ఆ టైమరు తీసెయ్."

"ఒక నిమిషానికి పెంచుతానన్నా."

"పెంచడం కాదు, తీసెయ్."

షాపువాడు ఆ రోజు మాత్రం నిజమే చెప్పాడు. "అన్నా, అది ఊరికే పెట్టలేదు. ఎవడి బటనైనా ఎక్కడో ఇరుక్కుని నొక్కుకుపోయిందనుకో, ఛానల్ మొత్తం మూసుకుపోతుంది. ఎవరి మాటా ఎవరికీ పోదు. నొక్కుకుపోయినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, వాడి సెట్టులోకి ఏమీ రాదు కాబట్టి."

"మావాళ్లేమైనా చంటిపిల్లలా? వాడు మాట్లాడుతుంటే మధ్యలో మిషను కోసేస్తుందా? మనుషులు కోసింది చాలదా? తీసెయ్."

అప్పటిదాకా ఆయన పక్కకు నెట్టిన రూలు అదొక్కటే. అదీ స్నేహితుడి కోసం.

పని చేసింది కూడా. ఎక్స్‌ప్రెస్ మళ్లీ సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన మలుపు పిలుస్తుంటే కొండంతా నోరు మూసుకుని ఆగేది. ఒక్కోసారి అర నిమిషం పట్టేది. ఎవడూ నవ్వేవాడు కాదు, నవ్వితే కింద టీ బంకు దగ్గర మామయ్య ఉంటాడు కదా. ఏడాది తిరిగేసరికి ఆయన మాట సాఫీ అయింది. ఎవరూ తొందరపెట్టకపోతే నత్తి కూడా అలిసిపోతుందేమో. "తొమ్మిది, లోడు" అని టక్కున అనేసి, ఆయనే ఆశ్చర్యపోయినట్టు కాసేపు బటన్ వదిలేవాడు కాదు. రెండేళ్లలో ఆ రోడ్డు మీద ఒక్క లారీకి గీత కూడా పడలేదు.

ఆ రోజు పొద్దున పది దాటింది. మామయ్య ఖాళీ లారీతో పైకి వస్తున్నాడు. "నాలుగు, ఖాళీ" అని పిలిచాడు. అది నేను విన్నాను, పైన లోడింగు వరసలో ఉన్నాను. నాలుగో మలుపుకీ ఐదో మలుపుకీ మధ్య పొడుగాటి ఎక్కుడు. ఖాళీ బండికైనా తొమ్మిది నిమిషాలు పడుతుంది. మామయ్య సెట్టును పక్కన సీటు మీద పెట్టాడు. గతుకులకు అది జారి సీటుకూ హ్యాండ్‌బ్రేకు పెట్టెకూ మధ్య సందులో పడింది. బటన్ లోపలికి నొక్కుకుపోయింది.

పైన మాకు ఆయన గొంతు వినపడటం మొదలైంది. లారీతో మాట్లాడుతున్నాడు.

"ఎక్కవే తల్లీ, ఎక్కు. పొద్దున తాగించిన డీజిలంతా ఎక్కడ పోశావే? మూలుగుతావేంటే, నీ మీదేమన్నా బరువుందా..."

తర్వాత ఏదో కూనిరాగం. శ్రుతి లేదు, పాడూ లేదు. మేం పగలబడి నవ్వాం. "రూల్సన్నే రూలు తప్పాడ్రోయ్!" అని ఒకడు క్యాబిన్ దిగొచ్చి మరీ అరిచాడు. ఇంకొకడు, "వదినతో కూడా ఇలాగే మాట్లాడతాడా?" అన్నాడు. నేను బటన్ నొక్కి, "మామయ్యా, బటన్ వదులు" అన్నాను. కూనిరాగం సాగుతూనే ఉంది. మళ్లీ నొక్కాను. అప్పటికి నవ్వు ఆగింది. ఎక్స్‌ప్రెస్ లోడుతో దిగి ఏడెనిమిది నిమిషాలైంది. ఆ తర్వాత ఒక్క మలుపు పిలుపూ మాకు రాలేదు.

జీపు స్టార్టు చేసేలోపే కింద చప్పుడు.

ఎక్స్‌ప్రెస్ బండికి ఎనిమిదో మలుపు దాటాక గాలి బ్రేకు పోయింది. అది తర్వాత మెకానిక్ చెప్పాడు. మామయ్య ఐదో మలుపు ముందు జేబు దాకా వచ్చాడు. సెట్టు కోసం చేత్తో తడిమాడు. దొరకలేదు. ఎవరి పిలుపూ వినపడలేదు కాబట్టి పైన ఎవరూ లేరనుకుని, జేబు వదిలేసి ముందుకెళ్లాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా లోడు బండి. ఎక్స్‌ప్రెస్ మామయ్య బండిని చూశాడు. స్టీరింగు రాతి వైపు కొట్టేశాడు. వెనకున్న రాయంతా క్యాబిన్ మీదికొచ్చింది. మామయ్య బండికి అద్దం కూడా పగల్లేదు.

మామయ్యను ఇద్దరు పట్టుకుని దూరంగా కూర్చోబెట్టారు. ఎక్స్‌ప్రెస్‌ను బయటికి తీసింది మేమే. ఎడమ చేతిలో సెట్టు ఉంది. బటన్ మీద బొటనవేలు బిగుసుకుపోయి ఉంది, ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది. మామయ్య బండిని పక్కకు తీయడానికి ఎక్కిన మెకానిక్, సందులోంచి ఆయన సెట్టు లాగి నా చేతిలో పెట్టాడు. అంతసేపు నొక్కుకుపోయి ఉండటంతో వేడెక్కి ఉంది.

"నీకు తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు."

"ఆయనకు తెలియదు. చెప్పొద్దు."

ఆ సాయంత్రమే డ్రైవర్లందరూ ఒక మాట మీదికొచ్చారు. పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాణ్ణి చంపుకోవడమెందుకు అన్నారు. అదంతా మామయ్య మీద ప్రేమేనా? కాదు. మేం నవ్విన సంగతి కూడా దాంతో పాటే పూడిపోతుందన్న ఆశ ఉంది. నాకూ ఉంది.

తర్వాతి వారం రోజులూ మామయ్యది ఒకటే పాట. అన్నం ముందు కూర్చుని కూడా, "ఎందుకు పిలవలేదురా? నోరు తిరుగుతోంది కదరా ఇప్పుడు, ఒక్క ముక్క అనుంటే నేను జేబులో దూరేవాణ్ణి కదా" అని పోయినాయన్ని తిట్టేవాడు. అత్తయ్య కంచంలో మజ్జిగ పోసి, తినమని అనకుండా లోపలికి వెళ్లిపోయేది.

ఎనిమిదో రోజు క్వారీ మేనేజరు ఇంటికి కాగితం పంపాడు. ప్రమాదం మీద రిపోర్టు. కింద సాక్షిగా, సెట్లకు బాధ్యుడిగా మామయ్య సంతకం కావాలి. నేను పైకి చదివాను. "మృతుడికి మాట లోపం ఉన్నందున, మలుపుల వద్ద రేడియోలో పిలవలేకపోయాడు. ప్రమాదానికి అదే కారణం."

మామయ్య కాగితం తీసుకుని రెండుసార్లు చూశాడు. "ఇలా రాయాలా?" అన్నాడు. మళ్లీ ఆయనే, "అబద్ధమైతే కాదుగా. పిలవలేదుగా వాడు" అన్నాడు. పెన్ను క్యాపు తీశాడు.

నాకు నాజూగ్గా చెప్పడం రాదు. చెప్పేశాను.

"పిలిచాడు మామయ్యా. నీ సెట్టు నొక్కుకుపోయింది. నాలుగో మలుపు దగ్గర్నుంచి ఛానలంతా నువ్వే ఉన్నావు. ఆయన చేతిలోంచి సెట్టు నేనే విప్పాను. బటన్ నొక్కే ఉంది."

ఆయన నా వంక చూడలేదు. పెన్ను క్యాపు మళ్లీ పెట్టేశాడు.

"ఎంతసేపు?"

"తొమ్మిది నిమిషాలు."

"నేనేం మాట్లాడుతున్నాను?"

"లారీని తిడుతున్నావు. ఏదో రాగం తీస్తున్నావు."

"వాడు బటన్ వదిలినప్పుడల్లా అదే వినపడి ఉంటుంది వాడికి."

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది, కొట్టేసేలా. మామయ్య లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకున్నాడు. నేను సరిచేయబోతే చెయ్యి తోసేశాడు.

నేరుగా రేడియో ఆఫీసుకే వెళ్లాం. కళ్లద్దాల మేడమ్ మమ్మల్ని గుర్తుపట్టింది. మామయ్య కూర్చోకుండానే మొత్తం చెప్పాడు. టైమరు తీయించిందీ, జేబు వదిలేసిందీ, అన్నీ.

ఆవిడ ఫైలు తెరిచి ఒక పేజీ ఆయన వైపు తిప్పింది. "టైమరు ఉండాలని షరతుల్లో రాసుంది. మీరు చదివారా?"

"చదివానమ్మా."

"మరి?"

"వాడికి మాట తిరగడానికి టైము పట్టేదమ్మా."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇది రాతపూర్వకంగా ఇస్తే మీ డ్రైవింగుకే ఎసరు రావచ్చు. ఆలోచించుకున్నారా?" అంది.

"కాగితం ఇవ్వండి."

మూడు నెలలు మా ఛానల్ ఆపేశారు. మళ్లీ ఇచ్చినప్పుడు బాధ్యుడి గడిలో ఇంకొకరి పేరు ఉంది. సెట్లన్నిటికీ టైమరు, తీయడానికి వీల్లేకుండా. క్వారీవాళ్లు మామయ్యను బండి దింపేశారు. మేనేజరు రిపోర్టు మార్చనని భీష్మించుకు కూర్చున్నాడు. రేడియో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక మార్చాడు. "మృతుడు రేడియోలో పిలిచే ప్రయత్నం చేశాడు. వేరొక సెట్టు కారణంగా ఛానల్ మూసుకుపోయి ఉన్నది" అని రాశారు.

ఆ కాపీ పట్టుకుని ఎక్స్‌ప్రెస్ ఇంటికి వెళ్లాం. రెండో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫాం. ఆయన భార్య టైలరింగు చేస్తుంది. మామయ్యను అన్నయ్యా అని పిలుస్తుంది. ఆవిడ కుర్చీ వేసింది. మామయ్య నేల మీద కూర్చున్నాడు.

"మేనేజరు మనిషి వచ్చి నాతో ఏమన్నాడో తెలుసా అన్నయ్యా? మాట రాని మనిషిని బండెక్కనివ్వడం మాదే తప్పమ్మా, అన్నాడు. జాలిగా అన్నాడు."

మామయ్య కాగితం ఇచ్చాడు. ఆవిడ చదివింది. "వేరొక సెట్టు" దగ్గర ఆగింది.

"ఎవరిదీ?"

"నాది చెల్లెమ్మా."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ చేతిలో కత్తెర ఉంది, దాన్ని తెరుస్తూ మూస్తూ వింది. అంతా అయ్యాక అడిగింది.

"బ్రేకు పోయాక ఎంతసేపు ఉన్నాడు?"

"మూడు నిమిషాలు. నాలుగేమో."

"ఇంట్లో రెండుసార్లు మాట పట్టేస్తే మూడోసారి ప్రయత్నించేవాడు కాదన్నయ్యా. విసుగొచ్చి కాగితం మీద రాసేవాడు. నాలుగు నిమిషాలూ పిలుస్తూనే ఉన్నాడంటారా?"

మామయ్య తలూపాడు.

ఆవిడ కాగితాన్ని మడత పెట్టకుండా మిషను సొరుగులో దాచింది. కత్తెర కింద పెట్టింది.

"మీరు చెప్పారు కాబట్టి తెలిసింది. లేకపోతే మాట రాక పోయాడనే అనుకుంటూ బతికేదాన్ని. అందుకు మీకు దణ్ణం పెడతాను." నిజంగానే చేతులు జోడించింది. "ఒక్కటే అన్నయ్యా. ఆయన ఆఖర్న విన్నది మీ గొంతు. నేనిక దాన్ని వినలేను. ఏమీ అనుకోకండి."

మామయ్య సరే అనబోయాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు. లేచి, గోడ పట్టుకుని చెప్పులు వేసుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. వీధిలో నేను ఆటో పిలిచాను. ఎక్కడికని డ్రైవరు ఆయన్నే అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పాను.